లండన్‌లో పీపా బీర్ కోసం ఐదు రోజులు

బామ్మర్దికి పాప పుట్టింది. మా ఆవిడ రెండు నెలల ముందే వెళ్ళింది, నేను సెప్టెంబర్‌లో సెలవు దొరకబుచ్చుకుని వెళ్ళా. వాళ్ళ ఇల్లు ఈస్ట్ హామ్‌లో. అక్కడ తిరిగినవాళ్ళకి తెలుసు, స్టేషన్ మెట్లెక్కి హై స్ట్రీట్ మీదకి వస్తే దోసె వాసన, కొంచెం ముందుకెళ్తే మహాలక్ష్మి గుడి, కొట్ల ముందు డబ్బాల్లో బెండకాయలు, గోంగూర, పచ్చి మామిడికాయలు, ఇక ఊరు గుర్తుకురావడానికి ఇంకేం కావాలి.

పాపని ఎత్తుకోవడం అసలు పని. అది కాక నాకు చాలా ఏళ్ళ నుంచి ఒక కోరిక ఉంది, లండన్ పాత పబ్బుల్లో కూర్చుని రియల్ ఏల్ అనే పీపా బీర్ తాగాలని. మాది భువనగిరి దగ్గర పల్లె. పొద్దున దింపిన కల్లుకీ సాయంత్రం కల్లుకీ తేడా ఏంటో చిన్నప్పటి నుంచీ తెలుసు. అది కుండలో ఉన్నంతసేపూ మారుతూనే ఉంటుంది. మన వైన్ షాపులో దొరికే బీర్ అట్లా కాదు, ఫ్రిజ్‌లోంచి తీసినా, ఆరు నెలల తర్వాత తీసినా ఒకటే రుచి. ఇంగ్లండ్‌లో ఇంకా పీపాలోనే పొంగే బీర్ ఉందని, దాన్ని కూడా మన కల్లులాగే మూడు రోజుల్లో అవగొట్టాలని ఎక్కడో చదివినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది.

బుధవారం

నాలుగింటికే మెలకువ వచ్చేసింది. బామ్మర్ది ఆఫీసుకి పోయాక నేను ఒక్కడినే డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కా, మ్యాప్‌లో ఆకుపచ్చ గీత, ఈ యాత్రలో సగం ఆ గీత మీదే జరిగింది. బ్రోమ్లీ బై బో స్టేషన్ వచ్చినప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. అక్కడికి దగ్గర్లోనే లీ నది ఒడ్డున హాడ్జ్‌సన్ వాళ్ళ బో బ్రూవరీ ఉండేది, 1752లో పెట్టారు. ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలు కట్టే రేవు అక్కడికి దగ్గర, ఆ ఓడల కెప్టెన్లు వాళ్ళ పేల్ ఏల్ (లేత రంగు బీర్) పీపాలు ఎక్కించుకుని నెలల తరబడి సముద్రం మీద పోయి మన దేశంలో దొరలకి అమ్ముకునేవాళ్ళు, ఆ వ్యాపారంలోంచే తర్వాత ఇండియా పేల్ ఏల్ అనే పేరు పుట్టింది. ఇవాళ హైదరాబాద్ బ్రూపబ్ మెనూలో ఐపీఏ అని కనిపించేది అదే. బ్రూవరీ ఇప్పుడు లేదు, అయినా రైలు అక్కడ ఆగిన ఆ అర నిమిషం నాకు ఇష్టంగా అనిపించింది.

మొదటి పింట్ గ్లాసు మాత్రం బాధపెట్టింది. సెంటర్‌లో టూరిస్టులు కిక్కిరిసే వీధిలో ఒక పబ్బు, పేరు వద్దు, బయట పూలకుండీలు, బంగారు అక్షరాలు, లోపల వరసగా ఎనిమిది చెయ్యి పంపులు, ఒక్కోటి కింద ఉన్న ఒక్కో పీపాలోంచి ఏల్ లాగేది. ఎనిమిది ఉన్నాయి కదా మంచి చోటే అనుకున్నా. గ్లాసులో చూడ్డానికి బానే ఉంది గానీ నోట్లో పోసుకోగానే నాలుక అంచుల మీద పులుపు, మింగాక తడిసిన అట్టపెట్టె వాసన. మధ్యాహ్నం ఎండలో మిగిలిపోయిన కల్లు ఎట్లా ఉంటుందో అచ్చం అదే. ఆరు పౌండ్ల పైచిలుకు పెట్టా. చుట్టూ చూస్తే ఒక్కరి చేతిలో కూడా ఏల్ లేదు, అందరూ చల్లటి లాగర్, అంటే మన వైన్ షాపు రకం బీర్, తాగుతున్నారు. అంటే ఆ ఎనిమిది పీపాలు ఎవరూ తాగక రోజుల తరబడి అట్లా పడున్నాయన్నమాట. సగం వదిలేసి వచ్చేశా. రాత్రి బామ్మర్దికి చెప్తే, "వదిలెయ్యడం ఎందుకు బావా, మర్యాదగా తీస్కపోయి ఇది పాడైనట్టుంది అంటే మార్చిస్తరు, ఇక్కడ అది తప్పు కాదు" అన్నాడు. ఈ ఒక్క మాట వెళ్ళేముందు తెలిసుంటే బాగుండేది, అందుకే మీకు చెప్తున్నా.

అంతకుముందు సాయంత్రం బామ్మర్దీ నేనూ బ్లాక్‌ఫ్రయర్స్ స్టేషన్ ఎదురుగా ఉన్న బ్లాక్ ఫ్రయర్ పబ్బుకి వెళ్ళాం. పచ్చిమిరపకాయ బజ్జీ ముక్కలా కోసుగా ఉన్న బిల్డింగ్, ముక్కు మీద నల్ల అంగీ వేసుకున్న లావుపాటి సన్యాసి బొమ్మ. ఒకప్పుడు అక్కడ డొమినికన్ సన్యాసుల మఠం ఉండేది, ఆ పేరు అట్లా వచ్చింది. లోపల 1905లో మొదలుపెట్టి చేసిన పని, గోడలన్నీ రంగు రంగుల పాలరాయి, వాటి మీద రాగి పలకల్లో సన్యాసులు చేపలు పడుతూ, పాటలు పాడుతూ, తోటపని చేస్తూ ఉంటారు, హెన్రీ పూల్ అనే శిల్పి చేశాడు. వెనక ఉన్న చిన్న గదిలో గోడ మీద సూక్తులు చెక్కారు. అందులో ఒకటి, తొందరపడితే ఆలస్యమే అని. నిదానమే ప్రధానం అని మా బడి గోడ మీద ఉండేది. 1960ల్లో ఈ బిల్డింగ్ కూలగొట్టి రోడ్డు వెయ్యాలని చూస్తే కవి జాన్ బెట్జమన్, ఇంకా చాలామంది పోరాడి ఆపారు. ఇక్కడ తాగిన పింట్‌తో పొద్దుటి రుచి నాలుక మీంచి పోయింది.

గురువారం

ఈ రోజు మొత్తం నడకే. పింట్ కాకుండా హాఫ్ తీసుకోవాలని డిసైడ్ అయ్యా. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, నాలుగు చోట్ల నాలుగు పింట్లు తాగితే ఐదో చోట రుచి తెలియదు. హాఫ్ అడిగితే ఎవరూ వింతగా చూడరు.

ఫ్లీట్ స్ట్రీట్‌లో ఓల్డ్ చెషైర్ చీజ్ అనే పబ్బు. సన్నటి సందులోంచి తలుపు, లండన్‌ని తగలబెట్టిన 1666 అగ్నిప్రమాదం తర్వాత 1667లో మళ్ళీ కట్టారు, అప్పటి నుంచీ ఏలిన రాజుల రాణుల పేర్లు తలుపు పక్కన రాసిపెట్టారు. లోపలికి పోతే పగలే చీకటి, గదిలోంచి గది, మెట్ల కింద మళ్ళీ గది. చూసి తీరాల్సిందే. కానీ నిజం చెప్పాలంటే అక్కడ అందరూ నాలాగే చూడ్డానికి వచ్చినవాళ్ళే, ఒక హాఫ్ తాగి వచ్చేశా.

హాటన్ గార్డెన్‌లో వజ్రాల కొట్ల మధ్య ఒక సందు ఉంది, రెండుసార్లు దాని ముందు నుంచే పోయి కూడా నాకు కనిపించలేదు. మనిషి అడ్డంగా చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయేమో అన్నంత సన్నం. దాని మధ్యలో ఓల్డ్ మైటర్, 1546లో మొదలైన పబ్బు, ఇప్పటి బిల్డింగ్ ఆ తర్వాతది. శని ఆదివారాలు సాధారణంగా మూసేస్తారు, చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళ మీద నడిచే పబ్బు కాబట్టి, అందుకే గురువారం పెట్టుకున్నా. ఇక్కడ లండన్ ప్రైడ్ తాగా. ఫుల్లర్ వాళ్ళది, చిజిక్‌లో నది పక్కన చేస్తారు, ఆ కంపెనీ 1845లో ఏర్పడింది, 2019లో బీర్ తయారీ వరకు జపాన్ అసాహీ వాళ్ళకి అమ్మేశారు, పబ్బులు మాత్రం ఉంచుకున్నారు. అమ్మేశాక రుచి పోయిందని కొందరు అంటారు. నేను పాతది తాగలేదు కాబట్టి పోల్చలేను, ఆ రోజు నా గ్లాసులో ఉన్నది మాత్రం కాల్చిన బ్రెడ్డు అంచు వాసనతో, చివర్లో కాస్త చేదుతో, చాలా బాగుంది.

అక్కడి నుంచి హై హోబర్న్‌లో ప్రిన్సెస్ లూయీజ్. అందంలో నా ఓటు దీనికే. విక్టోరియా కాలం లోపలి పని, 1891 నాటిది, నేల నుంచి పైదాకా పువ్వుల టైల్స్, చెక్కిన అద్దాలు, బార్ చుట్టూ చెక్క అడ్డాలు పెట్టి చిన్న చిన్న గదుల్లా విడగొట్టారు, ఒక్కో దాంట్లో ఐదారుగురు పడతారు. యార్క్‌షైర్ టాడ్‌కాస్టర్‌లోని శామ్యూల్ స్మిత్ వాళ్ళ పబ్బు ఇది, 1758 నాటి బ్రూవరీ. బిట్టర్ అనే చేదు ఏల్‌ని ఇప్పటికీ చెక్క పీపాల్లో పంపుతారు, ఆ పీపాలు బిగించే పని సొంతంగా చేసుకుంటారు. వాళ్ళ పబ్బుల్లో పాటలు ఉండవు, టీవీ ఉండదు, ఫోన్లు వాడొద్దంటారు. నాకు అది ఎంత నచ్చిందో మాటల్లో చెప్పలేను. ఫోన్ జేబులో పెట్టేసరికి పక్కనున్న మనిషి కనిపిస్తాడు. డెబ్బై దాటిన పెద్దాయన, రిటైర్డ్ టీచరట, ఎక్కడి నుంచి వచ్చావు అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడాడు. పబ్బు ఎట్లా ఎంచుకోవాలి అని అడిగితే, పంపులు లెక్కపెట్టకు, జనం చేతుల్లో ఏముందో చూడు అన్నాడు. ఇవాళ ఏది బాగుంది అని బార్‌లో అడుగు, ఆలోచించి చెప్పే చోట తాగు, అన్నీ బాగుంటాయి అనే చోట వద్దు. రుచి చూపించమంటే చిన్న గ్లాసులో కొంచెం పోసిస్తారు, మొహమాటపడకు.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. 1960, 70ల్లో పెద్ద కంపెనీలన్నీ బీర్‌ని వడగట్టి, బీర్‌ని పొంగించే ఈస్ట్‌ని చంపేసి, గ్యాస్ ఎక్కించి స్టీల్ డబ్బాల్లో పంపడం మొదలుపెట్టాయి. పాడవదు, మనిషి అక్కర్లేదు, ఎవరైనా గొట్టం తిప్పి పోసెయ్యొచ్చు. పీపా బీర్ పోయేదే, 1971లో నలుగురు కుర్రాళ్ళు ఐర్లండ్‌కి సెలవులకి పోయినప్పుడు అక్కడ కూర్చుని కామ్రా అనే సంఘం పెట్టారు. తాగేవాళ్ళు సంఘం పెట్టుకుని తాము తాగేదాన్ని కాపాడుకున్నారు. నా మనసు వెంటనే మా ఊరికి పోయింది. మా ఊళ్ళో తాటిచెట్లు ఎక్కేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఎక్కుతున్నారా, మంచి కల్లు కోసం ఎవరైనా ఇట్లా నిలబడ్డారా అని.

చివర్లో ల్యాంబ్ అనే పబ్బు, ల్యాంబ్స్ కాండ్విట్ స్ట్రీట్‌లో. అక్కడ బార్ మీద మొహం ఎత్తులో తిరిగే చిన్న చిన్న అద్దపు తలుపులు ఉంటాయి, స్నాబ్ స్క్రీన్లు అంటారు, పోసేవాడికి తాగే పెద్దమనిషి మొహం కనపడకుండా. నేను మాత్రం తెరిచే ఉంచా.

శుక్రవారం

మాన్యుమెంట్‌లో దిగి లండన్ బ్రిడ్జ్ మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డుకి. జార్జ్ ఇన్ చూశా, గుర్రపుబండ్ల కాలం సత్రం, 1677లో కట్టింది, ముందు చెక్క వరండాలు ఉన్న సత్రాల్లో లండన్ మొత్తానికి మిగిలింది ఇదొక్కటే. మూడు వైపులా ఉండేదట, 1889లో రైల్వేవాళ్ళు రెండు వైపులు కూల్చేశారు, ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్ళది. శుక్రవారం సాయంత్రం కదా, వాకిట్లో కాలు పెట్టే చోటు లేదు.

టాబర్డ్ స్ట్రీట్‌లో రాయల్ ఓక్‌కి వెళ్ళేసరికి అలసిపోయి ఉన్నా. బయట నుంచి చూస్తే మామూలు మూల కొట్టు. ససెక్స్‌లోని లూయిస్ ఊళ్ళో హార్వీస్ అనే బ్రూవరీ ఉంది, 1790 నుంచి, ఈ పబ్బు వాళ్ళదే. అడిగింది ససెక్స్ బెస్ట్, నాలుగు శాతం ఆల్కహాల్ అంతే, మన స్ట్రాంగ్ బీర్‌లో సగం. బార్‌లో ఉన్నామె పంపు చెయ్యి పట్టుకుని నిదానంగా కిందికి లాగింది, మా ఊళ్ళో బోరింగ్ కొట్టినట్టు గబగబా కాదు, ఒక పొడుగాటి లాగుడు, మళ్ళీ ఒకటి, చివర్లో అర లాగుడు. గ్లాసులో మొదట పాలటీలాగా కలకగా తిరిగి కింద నుంచి పైకి తేరుకుంటూ రాగి రంగులోకి వచ్చింది, పైన వేలెడు కూడా లేని నురగ. వేడి బీర్ అని మనవాళ్ళు వెక్కిరిస్తారు గానీ అది వేడి కాదు, కుండ నీళ్ళ చల్లదనం. ఫ్రిజ్ నీళ్ళు గొంతుని మొద్దుబారుస్తాయి, కుండ నీళ్ళు తాగితే నీళ్ళ రుచి తెలుస్తుంది, తేడా సరిగ్గా అదే. మొదటి గుక్కలో బిస్కెట్ తీపి, తర్వాత వగరు, మింగాక ఎండుగడ్డి లాంటి చేదు నాలుక వెనకాల చాలాసేపు ఉంది. ఇంకోటి తాగా. హాఫ్ నియమం అక్కడ పక్కన పెట్టేశా, తప్పలేదు.

శనివారం

ఇది నా యాత్రలో అసలైన రోజు. బామ్మర్ది పక్కింటాయన ఈస్ట్ లండన్‌లో ఒక పబ్బులో సెల్లార్, అంటే పీపాలు పెట్టే నేలమాళిగ, చూసుకుంటాడు. పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాడు, పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. బార్ వెనక నేల మీద చెక్క తలుపు ఎత్తితే నిటారు మెట్లు. కింద చల్లగా, తడి సిమెంటు వాసన, గోడ మీద థర్మామీటర్ 12 డిగ్రీలు. 11 నుంచి 13 మధ్యలోనే ఉండాలట.

చెక్క దిమ్మెల మీద పీపాలు అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువ స్టీల్‌వే. తొమ్మిది గ్యాలన్లది ఫర్కిన్, అంటే 72 పింట్లు. బ్రూవరీ నుంచి వచ్చేటప్పుడు లోపల ఈస్ట్ బతికే ఉంటుంది, ఇక్కడికి వచ్చాక కూడా చక్కెర తింటూ పొంగుతూనే ఉంటుంది. పీపా పొట్ట మీద ఒక బిరడా ఉంటుంది, దాని నడుమ సన్నటి చెక్క మేకు సుత్తితో దిగ్గొట్టాడు, మెత్తటి కర్ర మేకు, గ్యాస్ దానిగుండా మెల్లగా బయటికొస్తుంది. కొట్టగానే ఉస్సుమని మేకు చుట్టూ నురగ బుగ్గలు బుగ్గలుగా ఉబికింది. వేలితో తుడిచి మళ్ళీ చూడు అన్నాడు, మళ్ళీ ఉబికింది. నాకు ఒక్కసారిగా తాటిచెట్టు కింద కల్లుకుండ మూతి కళ్ళముందుకొచ్చింది, అదే నురగ, అదే చిటపట చప్పుడు, చెవి దగ్గర పెట్టుకుంటే వినపడేది.

ఆ బుగ్గలు తగ్గేదాకా ఆగాలి. ఎంతసేపు అంటే ఒక్కో బీర్‌కి ఒక్కోలా, కొన్ని ఒక రోజు, కొన్ని రెండు మూడు రోజులు. తగ్గాక మెత్తటి మేకు తీసి గట్టి మేకు కొడతారు, మిగిలిన గ్యాస్ లోపలే ఉండాలని. మడ్డి అంతా అడుక్కి దిగడానికి చాలా బ్రూవరీలు చేపల పొట్టలోని గాలితిత్తితో చేసిన జిగురు లాంటిది కలుపుతాయి, శాకాహారులు అది లేని బీర్ ఉందా అని అడగాలి, ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతోంది. అమ్మడం మొదలయ్యాక, బీర్ బయటికి పోతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోతుంది, ఆ గాలే మొదటి రోజు కొంచెం రుచి పెంచి, మూడో రోజుకి చంపేస్తుంది. అందుకే ఎన్ని పంపులు పెట్టాలో తెలిసినవాడే మంచి పబ్బు నడపగలడు. ఈయన మూడే పెట్టాడు. ఆరు పెట్టమని పైనుంచి ఎప్పుడూ ఒత్తిడేనట, 72 పింట్లు మూడు రోజుల్లో అమ్ముడయ్యే జనం లేకుండా ఆరు పెడితే తాగేవాడిని మోసం చేసినట్టే అన్నాడు. గొట్టాలన్నీ వారం వారం కడుగుతాడు. పీపా మీద సుద్దముక్కతో తేదీలు రాసుకున్నాడు, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు మేకు కొట్టింది, ఎప్పుడు తెరిచింది.

బ్రూవరీ సగం పని చేసి పంపిస్తుంది, మిగతా సగం ఈ మనిషి చేతిలో ఉంది. ఒకే బ్రాండ్ ఒక పబ్బులో అమృతంలా, పక్క వీధిలో వెనిగర్‌లా ఎందుకుంటుందో నాకు ఆ మెట్లు ఎక్కుతుంటే అర్థమైంది. లండన్‌లో మంచి ఏల్ వెతకడమంటే బీర్ పేరు వెతకడం కాదు, ఇట్లాంటి మనిషిని వెతకడం. గౌడన్న చెయ్యి మంచిదైతే కల్లు మంచిది అని మా తాత ఊరికే అనేవాడు కాదు.

మధ్యాహ్నం మా ఆవిడతో వాపింగ్ పోయాం, నది ఒడ్డున ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్‌బీ అనే పబ్బు, రాతి నేల, సీసంలాంటి లోహం రేకు వేసిన బార్, వెనక నీళ్ళ మీద ఉరితాడు ఒకటి వేలాడదీసి ఉంటుంది, ఆ ఒడ్డునే ఒకప్పుడు సముద్రపు దొంగల్ని ఉరితీసేవాళ్ళు, కెప్టెన్ కిడ్‌ని 1701లో తీశారు. ఆమెకి ఆ తాడు నచ్చలేదు, నది నచ్చింది.

ఆదివారం

బార్కింగ్ నుంచి సఫ్రజెట్ లైన్ ఎక్కితే చివరి స్టేషన్ గాస్పెల్ ఓక్. అక్కడ హైగేట్ రోడ్డు మీద సదాంప్టన్ ఆర్మ్స్, బోర్డు మీద ఏల్, సైడర్ (ఆపిల్ రసంతో చేసే మద్యం), మాంసం అని మూడు మాటలు, లోపల ఉన్నదీ అంతే. అన్నీ చిన్న బ్రూవరీల బీర్లే, గోడ బారునా పంపులు. పంపులు ఎక్కువున్నా ఇక్కడ భయం లేదు, ఎందుకంటే వచ్చినవాళ్ళంతా అవే తాగుతున్నారు. ఒక పియానో, పొడుగు బల్లలు, బల్లల కింద కుక్కలు, ఒకావిడ ఒళ్ళో పిల్లాడు నిద్రపోతున్నాడు. సికింద్రాబాద్‌లో మా ఆఫీసు పక్కన ఇరానీ హోటల్ ఉండేది, ఒక్క చాయ్‌తో గంట కూర్చున్నా ఎవరూ లేవమనేవాళ్ళు కాదు, అది మూసేసి ఇప్పుడు మొబైల్ షాపు పెట్టారు. ఇక్కడా పబ్బులు అట్లాగే మూతపడుతున్నాయని బామ్మర్ది చెప్పాడు. ఆ పియానో పక్కన కూర్చుని ఈ బల్ల ఇట్లాగే ఉండాలని గట్టిగా కోరుకున్నా.

నల్లటి పోర్టర్ ఒకటి తీసుకున్నా. పోర్టర్ 18వ శతాబ్దంలో లండన్‌లోనే పుట్టిన బీర్, మూటలు మోసే కూలీల పేరు మీదే ఆ పేరు. కాఫీ గింజల చేదు, వెనకాల బెల్లం పాకం మాడినట్టు చిన్న వాసన. మా ఆవిడ తాగదు, గ్లాసు వాసన చూసి "మా అమ్మమ్మ చేసే ఇప్పపూల పాకంలా ఉంది" అంది. నాకు అది తట్టలేదు, కానీ ఆమె చెప్పాక మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంటే నిజమే.

ఇంకో హాఫ్ అడగడానికి లేచా. కుర్రాడు పంపు లాగాడు, గ్లాసులోకి సగం వచ్చి గుర్రు గుర్రుమని నురగే వచ్చింది. సారీ అని ఆ సగం పారబోసి, పంపు మీదున్న బీర్ పేరు బిళ్ళని వెనక్కి తిప్పేశాడు. పీపా అయిపోతే అట్లా తిప్పుతారు. ఇంకో పీపా ఉందా అంటే, కింద ఉంది గానీ ఇంకా తేరలేదు, రేపు మధ్యాహ్నానికి తాగొచ్చు అన్నాడు. రేపు మధ్యాహ్నం నేను హీత్రూలో ఉంటా. పక్క పంపులో ఏముంది అని అడిగా, చిన్న గ్లాసులో కొంచెం పోసి నా ముందు పెట్టాడు.